మీకు తెలుసా? వంచే కండరమే ఎత్తుతుంది!

సెరిబ్రల్ పాల్సీ ఉన్న కొందరు పిల్లల్లో మణికట్టు లోపలికి వంగి బిగుసుకుపోతుంది. అలా వంగితే వేళ్లకు పట్టు చిక్కదు. మీ మణికట్టును పూర్తిగా వంచి పిడికిలి బిగించి చూడండి, తెలుస్తుంది. అందుకే మణికట్టును వంచే ఒక కండరం టెండాన్‌ను విడదీసి, మణికట్టును పైకెత్తే టెండాన్‌కు కలిపి కుడతారు. బోస్టన్ సర్జన్ విలియం గ్రీన్ 1942లో ప్రచురించిన పద్ధతి ఇది. సెరిబ్రల్ పాల్సీకి మూలమైన మెదడు దెబ్బ మాత్రం దీనితో మానదు. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు కట్టు, ఆపైన ఓపికగా నెలల తరబడి వ్యాయామం. ఆ చెయ్యి రాయలేకపోవచ్చు. కానీ అది సీసా పట్టుకుంటే రెండోది మూత తిప్పుతుంది. చొక్కా చేతిలోకి ఆ చెయ్యి తేలిగ్గా దూరుతుంది. ఎంత పెద్ద విషయమో ఆ పిల్లల అమ్మలనడగండి! మీ బిడ్డకు ఈ ఆపరేషన్ చేయిస్తుంటే, ముందే తను సొంతంగా ఏయే పనులు చేసుకోవాలనుకుంటోందో డాక్టరుకు, థెరపిస్టుకు వివరంగా చెప్పండి.