సమయానికి వచ్చే రైలు వెనుక

జపాన్ రైళ్లు అనగానే అందరికీ బుల్లెట్ రైలే గుర్తొస్తుంది. షింకాన్‌సెన్ అనే ఆ రైలు 1964 అక్టోబరు 1న టోక్యో, ఒసాకా నగరాల మధ్య మొదలైంది. అప్పట్లో దాని వేగం గంటకు 210 కిలోమీటర్లు, ఇప్పుడు ఆ మార్గంలో 285. సెలవుల్లో జపాన్ చూడబోయిన మాకు మాత్రం రైలు పరుగు కన్నా, అది ఆగి ఉన్నప్పుడు జరిగే పనే వింతగా తోచింది.

టోక్యో స్టేషన్‌కు వచ్చిన షింకాన్‌సెన్‌లలో కొన్ని 12 నిమిషాల్లోనే మళ్లీ బయలుదేరతాయి. జనం దిగడానికి, ఎక్కడానికి పోను శుభ్రం చేయడానికి మిగిలేది 7 నిమిషాలు. శుభ్రం చేసేవాళ్లు ముందే ప్లాట్‌ఫారం మీద వరుసగా నిలబడి, వచ్చే బండికి వంగి నమస్కరిస్తారు. మామూలు పెట్టెకు సాధారణంగా ఒక్కరే ఉంటారు. ఆ ఒక్కరే సుమారు వంద సీట్ల మధ్య చెత్త ఏరి, బల్లలు తుడిచి, సీట్లన్నిటినీ బండి వెళ్లే దిక్కుకు తిప్పుతారు. అవును, అక్కడ సీట్లు తిరుగుతాయి! ప్రయాణికుల్లో చాలామంది తమ చెత్తను తామే పట్టుకుని దిగుతారు. లేకపోతే 7 నిమిషాలు ఏ మూలకు?

ఎక్కేవాళ్ల సంగతీ అంతే. ఏ పెట్టె తలుపు ఎక్కడ ఆగుతుందో నేల మీద గీతలు గీసి ఉంటాయి. జనం వాటి దగ్గర వరుసలో నిలబడి, లోపలివాళ్లు దిగేదాకా పక్కకు తప్పుకుంటారు. బదిలీ అయినప్పుడల్లా పెట్టెలూ బేడలూ మోసుకుని, మన బోగీ ఎక్కడ ఆగుతుందోనని ప్లాట్‌ఫారం పొడవునా పరుగెత్తే మనకు ఆ గీతల విలువ వెంటనే తెలుస్తుంది.

టికెట్ల బాధ కూడా తక్కువే. సుయికా లాంటి ఒక్క కార్డు గేటు దగ్గర ఆనిస్తే రైలు, మెట్రో, బస్సు అన్నిటికీ చెల్లుతుంది. షింకాన్‌సెన్‌కు మాత్రం వేరే టికెట్టు కావాలి.

డ్రైవర్లు, గార్డులు గాలిలోకి వేలు చూపిస్తూ తమలో తామే మాట్లాడుకోవడం చూస్తే మొదట నవ్వొస్తుంది. నిజానికి వాళ్లు సిగ్నల్‌ను వేలితో చూపి, పైకి చెప్పి సరిచూసుకుంటున్నారు. కన్ను, చెయ్యి, నోరు, చెవి కలిసి పనిచేస్తే పొరపాటు తగ్గుతుందని ఈ పద్ధతి. 1994లో అక్కడి రైల్వే పరిశోధకులు పరీక్షించి చూస్తే వంద పనులకు 2.38 ఉన్న తప్పులు 0.38కి పడిపోయాయి. మన లోకో పైలట్లు కూడా సిగ్నల్ రంగును ఇలాగే పైకి చెప్పుకుంటారు.

2017లో టోక్యో దగ్గర ఒక రైలు 20 సెకన్లు ముందుగా బయలుదేరినందుకు ఆ సంస్థ క్షమాపణ చెప్పింది. ఈ కథ విని అందరూ మెచ్చుకుంటారు. మేమూ మెచ్చుకున్నాం. కానీ గడియారం మీద పట్టుదల ఎంత దూరం పోగలదో చెప్పే ఇంకో సంగతి ఉంది. 2005 ఏప్రిల్ 25న ఒసాకా దగ్గర అమగసాకిలో ఒక లోకల్ రైలు సుమారు నిమిషంన్నర ఆలస్యంగా నడుస్తోంది. గంటకు 70 కిలోమీటర్ల వేగమే దాటకూడని మలుపులోకి దాదాపు 116తో వెళ్లి, పట్టాలు తప్పి, ఒక అపార్ట్‌మెంటును ఢీకొట్టింది. డ్రైవరుతో కలిపి 107 మంది చనిపోయారు. పొరపాటు చేసిన డ్రైవర్లను శిక్షలా సాగే శిక్షణకు పంపే అలవాటు అప్పుడు ఉండేది. ఆ భయం కూడా డ్రైవరు మనసును పనిమీద నిలవనివ్వలేదని దర్యాప్తులో తేలింది. తర్వాత ఆ మార్గంలో వేగాన్ని అదుపుచేసే పరికరాలు పెట్టారు, టైంటేబుల్‌లో ప్రయాణానికి కొంత ఎక్కువ సమయం ఇచ్చారు.

అక్కడ కూడా భూకంపానికీ, తుఫానుకూ, మంచుకూ రైళ్లు ఆగుతాయి. అప్పుడు రైల్వేవాళ్లు ఆలస్య ధ్రువపత్రం అని ఒక చిన్న చీటీ ఇస్తారు. బండి ఇన్ని నిమిషాలు ఆలస్యమైంది, ప్రయాణికుడి తప్పు కాదని దాని అర్థం. పెద్దవాళ్లు దాన్ని ఆఫీసులో చూపిస్తారు. రైల్లో బడికి వెళ్లే పిల్లలు తీసుకెళ్లి టీచరు చేతికిస్తారు.