కోఠీ కథ



హైదరాబాదు వెళ్ళినప్పుడు చీరలకో, పిల్లల పుస్తకాలకో మనలో చాలామందిమి కోఠీ బజారుకు వెళ్ళే ఉంటాం. కోఠీ అంటే పెద్ద ఇల్లు, భవంతి అని అర్థం. ఆ పేటకంతటికీ పేరిచ్చిన ఇల్లు ఆ బజారు పక్కనే, ప్రహరీ లోపల ఉంది. అదే పాత బ్రిటిష్ రెసిడెన్సీ. మన బందరుకు కూడా దాని కథలో కాస్త చోటుంది సుమండీ!

ఈస్టిండియా కంపెనీ తరఫున నిజాం దర్బారులో ఉండే దొరను రెసిడెంటు అనేవారు. జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా ఉండగా, 1803లో మూసీ ఒడ్డున ఈ భవనం పని మొదలైంది. కట్టించిన ఇంజనీరు శామ్యూల్ రస్సెల్. ఉత్తరం వైపు ఆరు ఎత్తయిన స్తంభాల ముఖమండపం, మెట్లకు అటొకటి ఇటొకటి సింహాలు. దక్షిణం వైపు గోడ అర్ధచంద్రాకారంలో ముందుకు వచ్చి ఉంటుంది. లోపల రెండంతస్తుల ఎత్తున దర్బారు హాలు. చూడగానే రాతి మేడ అనుకుంటాం. కానీ అది ఇటుక, సున్నాల కట్టడం. మెత్తగా నూరిన సున్నం పూసి, నున్నగా మెరుగు పెడితే గోడ రాయిలా మెరుస్తుంది. మన కృష్ణాజిల్లా పాత మేడల్లోనూ ఈ పనితనం చూస్తాం గదా.

మరి ఆ ఇంటి ఇల్లాలి సంగతి? ఆమె ఖైరున్నీసా బేగం, హైదరాబాదు నవాబుల కుటుంబంలో పిల్ల. ఘోషా పాటించే ఆమె కోసం వెనక తోటలో రంగమహల్ అని వేరే అంతఃపురం కట్టారు. ముందువైపుకు వచ్చి ఇల్లు చూసుకునే వీలు లేదు గనుక, భవనానికి చిన్న నమూనా ఒకటి కట్టించి ఆమెకు చూపించారని చెప్పుకుంటారు. తన ఇంటిని తాను బొమ్మలో చూసుకోవలసి రావడం ఎంత విచిత్రం!

1805లో పిల్లలిద్దరినీ ఇంగ్లండు పంపించారు. ఆ ఏడాది అక్టోబరులోనే కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. తరవాత ఆమెను హైదరాబాదులో అడుగుపెట్టనివ్వకపోతే, కొంతకాలం మన బందరులో తలదాచుకుంది. చివరికి హైదరాబాదు తిరిగి వచ్చి, ముప్పై ఏళ్ళయినా నిండకుండా 1813లో కన్నుమూసింది. పిల్లలను మళ్ళీ చూడనేలేదు.

1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ తమవారితో ఈ రెసిడెన్సీ మీదికి దండెత్తారు. తరవాత 1860 ప్రాంతంలో దొరలు రంగమహల్‌ను పడగొట్టించారు. మగవారి దర్బారు నిలిచింది. ఆడవారి ఇంటికి మాత్రం వాకిలే మిగిలింది.

1947లో దొరలు వెళ్ళిపోయారు. 1924లో మొదలైన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఈ ఆవరణకు వచ్చింది. ఒక ఇల్లాలు తేరిపార చూడటానికి నోచుకోని మెట్ల మీద వేలమంది ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని ఎక్కి దిగారు. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు.

ఆడపిల్లల చదువు అక్కడికి రావడం ఆ ఇంటికీ మేలే చేసింది. పాడుపెట్టిన ఇల్లు ఎన్నాళ్ళో నిలవదు. అయితే వాడుక ఒక్కటే చాలదు, మరమ్మతూ కావాలి. వాన నీరు దిగి భవనం శిథిలమవుతుంటే, 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఏళ్ళ తరబడి బాగుచేశాక 2023లో మళ్ళీ తలుపులు తెరిచారు.

ఇందులో మనం నేర్చుకోవలసింది ఒకటుంది. ఇటుక చెమ్మను పీలుస్తుంది. సున్నపు పూత ఆ చెమ్మను మెల్లగా బయటికి వదులుతుంది. పాత సున్నపు గోడకు గట్టిదనం వస్తుందని సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుంటుంది. ఉప్పు పొంగి, పూత పెచ్చులూడి, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. మన డెల్టాలో నేలలోనే చెమ్మ ఎక్కువ. అందుచేత పుట్టింట్లోనో అత్తవారింట్లోనో పాత మేడ ఉంటే, మేస్త్రీ చేత మళ్ళీ సున్నమే పూయించండి. కప్పు కారుతుంటే ముందు అది చూడండి.

ఇంట్లో ఎవరూ ఉండకపోతే తాళం వేసి వదిలెయ్యకండి. ముందు గది పిల్లల ట్యూషనుకో, వీధి ఆడవాళ్ళ కుట్టుపనికో ఇచ్చినా చాలు. కిటికీలు తెరుచుకుంటాయి, గాలి ఆడుతుంది, కారే చోటు ఎవరో ఒకరి కంట పడుతుంది. ఈసారి కోఠీ వెళితే చీరల బేరం ముగించుకుని ఆ ఇంటినీ చూసి రండి. లోపల చూడటానికి ముందుగా అనుమతి ఉందో లేదో మాత్రం కనుక్కోండి.