ఇంటిల్లిపాదీ... కంఠీరవకు!

మదనపల్లె వాళ్లకు బెంగళూరు అంటే టమోటా లారీ. కుప్పం వాళ్లకు పొద్దున్నే పరుగెత్తి పట్టుకునే రైలు. పుంగనూరు వాళ్లకు పెద్దాసుపత్రి, పిల్లల ఉద్యోగం. పని ఉంటేనే వెళ్లే ఆ ఊరికి సరదాగా ఇంటిల్లిపాదీ వెళ్లొచ్చేందుకు ఓ మంచి సాకు ఉంది. అదే ఫుట్‌బాల్‌!

క్రికెట్‌ని టీవీలో చూస్తేనే బాగా అర్థమవుతుంది. బంతి బ్యాటుకు తగిలిందా లేదా అన్నది నాలుగైదుసార్లు తిప్పితిప్పి చూపిస్తారు. ఫుట్‌బాల్‌ అలా కాదు. కెమెరా ఎప్పుడూ బంతి వెంటే పరుగెడుతుంది. మైదానంలో కూర్చున్నవాళ్లకు మాత్రం బంతి లేనిచోట ఏం జరుగుతోందో కూడా కనిపిస్తుంది. అవతలి అంచున ఒక ఆటగాడు నెమ్మదిగా ఖాళీలోకి జారుకుంటాడు. గోల్‌కీపర్‌ చేతులూపుతూ తనవాళ్లను సర్దుతుంటాడు. అరక్షణం తర్వాత బంతి సరిగ్గా ఆ ఖాళీలోనే పడుతుంది. పక్కనున్న పదేళ్ల పిల్లాడు 'నేను ముందే చూశా నాన్నా' అని ఎగిరి గంతేస్తాడు. ఆ ఆనందం కోసమే ప్రపంచమంతా కుటుంబాలు స్టేడియాలకు కదిలివెళతాయి.

అయితే వెళ్లాలంటే ముందు 'మన జట్టు' అని ఒకటి ఉండాలి కదా! పాత చిత్తూరు జిల్లా పడమటి అంచున ఉన్న ఈ మూడు ఊళ్లకూ అక్కడే వచ్చింది చిక్కు.

మన జట్టు ఏది?

తెలుగు నేలకు ఫుట్‌బాల్‌ కొత్తేమీ కాదు. హైదరాబాద్‌ సిటీ పోలీస్‌ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్‌ కప్‌ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన హైదరాబాదీ సయ్యద్‌ అబ్దుల్‌ రహీం బడిపంతులుగా పనిచేసినవాడు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్‌ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1965-66లో సంతోష్‌ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్‌ సొంతమైంది.

ఆ తర్వాత చాలా ఏళ్లు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేకపోయింది. 2019లో హైదరాబాద్‌ ఎఫ్‌సీ పుట్టాక మళ్లీ ఆశలు చిగురించాయి. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఇండియన్‌ సూపర్‌ లీగ్‌ ఫైనల్లో ఆ జట్టు కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి కప్పు ఎత్తింది. గోల్‌కీపర్‌ లక్ష్మీకాంత్‌ కట్టిమణి షూటౌట్‌లో మూడు బంతుల్ని ఆపాడు. కానీ కరోనా వల్ల అంతకుముందు రెండు సీజన్ల లీగ్‌ మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి. సొంత ఊరి జనం పక్కన లేకుండానే జట్టు ఎదిగింది. ఆ తర్వాత డబ్బు ఇబ్బందులు చుట్టుముట్టాయి. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. అలా తెలుగువాళ్లకంటూ ఐఎస్‌ఎల్‌లో ఉన్న ఒక్క జట్టూ చేజారింది.

నిజానికి మదనపల్లె నుంచి హైదరాబాద్‌ వెళ్లాలంటే రాత్రంతా ప్రయాణం. మ్యాచ్‌ కోసం పిల్లల్ని తీసుకుని అంతదూరం ఎవరు వెళతారు? అదే బెంగళూరయితే మధ్యాహ్నం భోంచేసి బయల్దేరినా చాలు. ఊరి పేరు ఏ రాష్ట్రం పటంలో ఉందన్నది ఒక లెక్క. సాయంత్రానికి చేరుకోగలమా లేదా అన్నది ఇంకో లెక్క. అభిమానానికి రెండోదే ముఖ్యం.

పక్కూరి జట్టు కాదు... మనదే!

బెంగళూరుకూ ఫుట్‌బాల్‌ పిచ్చి పాతదే. తెల్లదొరల సైనిక జట్లదే రాజ్యంగా ఉన్న రోవర్స్‌ కప్‌ను 1937లో మొట్టమొదట గెలిచిన భారతీయ జట్టు బెంగళూరు ముస్లిమ్స్‌. ఇక ఇప్పటి బెంగళూరు ఎఫ్‌సీ 2013లో పుట్టింది. బరిలో దిగిన తొలి ఏడాదే ఐ-లీగ్‌ గెలిచి అందర్నీ నోరెళ్లబెట్టేలా చేసింది. 2015-16లో మళ్లీ గెలిచింది. 2018-19లో ఐఎస్‌ఎల్‌ విజేత అయింది.

ఈ జట్టుకు మొదటి రోజు నుంచీ ముఖచిత్రం సునీల్‌ ఛెత్రి. భారత్‌ తరఫున అత్యధిక గోల్స్‌ వీరుడు. ఆయన పుట్టింది ఎక్కడో తెలుసా? మన సికింద్రాబాద్‌లోనే!

కంఠీరవ స్టేడియం చూసిన పెద్దాటలు తక్కువేమీ కాదు. 2016 అక్టోబరు 19న ఏఎఫ్‌సీ కప్‌ సెమీఫైనల్‌ జరిగింది. ప్రత్యర్థి మలేసియాకు చెందిన జొహోర్‌ జట్టు. పదకొండో నిమిషంలోనే గోల్‌ పడటంతో స్టేడియం మూగబోయింది. తర్వాత ఛెత్రి రెండు, హువానన్‌ ఒకటి కొట్టి 3-1తో ఆటను తిప్పేశారు. ఓ భారతీయ క్లబ్బు ఆ టోర్నీ ఫైనల్‌ చేరడం అదే తొలిసారి. దోహాలో జరిగిన ఫైనల్లో ఇరాక్‌ ఎయిర్‌ఫోర్స్‌ క్లబ్‌ చేతిలో 0-1తో ఓడినా, ఆ సెమీఫైనల్‌ రాత్రిని బెంగళూరు ఇప్పటికీ చెప్పుకుంటుంది.

2023 మార్చి 3 ఇంకో రకం. ఐఎస్‌ఎల్‌ నాకౌట్‌లో ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్‌. అదనపు సమయంలో ఫ్రీకిక్‌ దొరికింది. కేరళ ఆటగాళ్లు అడ్డుగోడ కట్టుకునేలోపే ఛెత్రి బంతిని గోల్‌లోకి పంపేశాడు. 'ఇదేం న్యాయం' అంటూ కేరళ జట్టు మైదానం వదిలి వెళ్లిపోయింది. అది తప్పా ఒప్పా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. అదే ఏడాది జులై 4న అక్కడే భారత్‌ శాఫ్‌ టోర్నీ ఫైనల్లో కువైట్‌ను షూటౌట్‌లో 5-4తో ఓడించింది. ఇలాంటి రాత్రులకు సాక్షిగా ఉన్న పిల్లలు పెద్దయ్యాక కూడా ఆ జట్టును వదలరు.

ఏ ఊరి నుంచి ఎలా?

కుప్పం వాళ్లది అందరికన్నా సులువైన ప్రయాణం. బెంగళూరు-జోలార్‌పేట రైలు మార్గం ఊళ్లోంచే వెళుతుంది. బంగారుపేట, మాలూరు దాటితే వైట్‌ఫీల్డ్‌, కృష్ణరాజపురం స్టేషన్లు వస్తాయి. ఇంకా ముందుకు వెళ్లాల్సిన పనిలేదు. ఆ రెండు చోట్లా పక్కనే మెట్రో ఉంది. 2023 అక్టోబరులో మధ్యలో మిగిలిపోయిన ముక్క కూడా కలవడంతో పర్పుల్‌ లైన్‌ మెట్రో అక్కడి నుంచి నేరుగా కబ్బన్‌ పార్కు స్టేషన్‌కు చేరుస్తుంది. దిగాక పావుగంట, ఇరవై నిమిషాల నడక.

మదనపల్లె నుంచి రోడ్డు మార్గం సుమారు 120 కిలోమీటర్లు. చింతామణి, హోసకోట మీదుగా ఆర్టీసీ బస్సులు తిరుగుతూనే ఉంటాయి. పుంగనూరు వాళ్లు ముళబాగిలు చేరితే అక్కడి నుంచి కోలారు మీదుగా జాతీయ రహదారే. రెండు దారులూ హోసకోటలో కలుస్తాయి. ఎవరైనా సరే మెజెస్టిక్‌ దాకా వెళ్లి ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా కె.ఆర్‌.పురంలో దిగి మెట్రో ఎక్కడం మేలు. సొంత కారులో వెళ్లినా, దాన్ని అక్కడే బంధువుల ఇంటిముందు పెట్టేస్తే హాయి.

బయల్దేరేముందు చేయాల్సిన మొదటి పని, మ్యాచ్‌ ఉందో లేదో చూసుకోవడం! 2025 జులైలో నిర్వాహకుల ఒప్పందం తేలక ఐఎస్‌ఎల్‌నే పక్కన పెట్టేశారు. అప్పటి నుంచీ తేదీల విషయంలో పాత లెక్కలు పనికిరావు. టికెట్లు ఆన్‌లైన్‌లోనే కొనుక్కుని కదలాలి. పులిహోర, పెరుగన్నం పొట్లాలు దారిలోనే ఖాళీ చేసేయాలి. తినుబండారాలు, నీళ్ల సీసాలు గేటు దగ్గరే ఆపేస్తారు.

ఆట తొంభై నిమిషాలు. మధ్యలో పావుగంట విరామం. రాత్రి ఏడున్నరకు మొదలయితే తొమ్మిదిన్నరలోపు అయిపోతుంది. చివరి మెట్రో, తిరుగు రైలు, బస్సు వేళలు ముందే రాసిపెట్టుకోవాలి. లేదంటే ఆ రాత్రికి చుట్టాలింట్లో పడక. బెంగళూరులో ఓ పిన్నో, మేనమామో, అన్నయ్యో లేని ఇల్లు ఈ మూడు ఊళ్లలో ఎక్కడుంది గనక!

అవ్వకు ఆఫ్‌సైడ్‌ ఎలా చెప్పాలి?

కంఠీరవలో దాదాపు పాతికవేల మంది పడతారు. మైదానం చుట్టూ పరుగుపందేల ట్రాక్‌ ఉంటుంది. దాంతో ఆట కాస్త దూరంగా కనిపిస్తుంది. అందుకే కింది వరసలకన్నా పై వరసలు నయం. పడమటి స్టాండులో 'వెస్ట్‌ బ్లాక్‌ బ్లూస్‌' అనే అభిమానుల గుంపు ఆటంతా నిలబడే పాడుతుంది. కాలేజీ కుర్రాళ్లకు అక్కడ పండగే. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే మాత్రం వేరే స్టాండు చూసుకోవడం మంచిది.

ఆట తెలియనివాళ్లకు అడ్డొచ్చేది ఒక్క ఆఫ్‌సైడే. అదీ కష్టమేం కాదు. పెళ్లి భోజనాల్లో బంతి వెయ్యకముందే వెళ్లి విస్తరి ముందు కూర్చుంటే ఎవరైనా ఒప్పుకొంటారా? ఇదీ అంతే. తనవాడు బంతిని అందించే క్షణానికి, అవతలి జట్టులో చివరి నుంచి రెండోవాడిని దాటిపోయి, బంతికన్నా ముందు, గోల్‌కు దగ్గరగా కాచుకుని ఉండకూడదు. ఇంత చెబితే అవ్వ కూడా రిఫరీని తిట్టడం మొదలుపెడుతుంది.

గేటు దగ్గర తొందరొద్దు

2025 జూన్‌ 4ను బెంగళూరు మరిచిపోలేదు. ఐపీఎల్‌ కప్పు గెలిచిన జట్టును చూడాలని చిన్నస్వామి స్టేడియానికి పోటెత్తిన జనంలో తొక్కిసలాట జరిగి 11 మంది చనిపోయారు. కోల్‌కతాలో 1980 ఆగస్టు 16న ఈడెన్‌ గార్డెన్స్‌లో జరిగిన ఫుట్‌బాల్‌ గొడవలో 16 మంది అభిమానులు బలయ్యారు.  గేట్లు, మెట్లు, ఇరుకు దారుల దగ్గర ప్రమాదం ఎక్కువ.

అందుకే ఇంటి పెద్దలు కొన్ని నియమాలు పెట్టుకోవాలి. ఆటకు గంట ముందే లోపలికి వెళ్లాలి. టికెట్‌ లేకుండా గేటు దగ్గర అదృష్టాన్ని పరీక్షించుకోకూడదు. పసిపిల్లల మణికట్టు మీద పెన్నుతో ఫోన్‌ నంబరు రాయాలి. విడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోవాలి. చివరి ఈల మోగగానే లేవకుండా పావుగంట కూర్చోవాలి. జనం ముందుకు నెడుతుంటే ఎదురు నడవకుండా పక్కకు జరుగుతూ బయటపడాలి. ఆలస్యమైతే పోయేది ఒక బస్సే!

తిరిగొచ్చాక...

మర్నాడు పిల్లలు బంతి కొనిపెట్టమంటారు. పన్నెండేళ్లలోపు వాళ్లకు నాలుగో నంబరు, ఆ పైవాళ్లకు అయిదో నంబరు. అమ్మాయి అడిగినా సరే, కొనివ్వండి. నిజామాబాద్‌ అమ్మాయి సౌమ్య గుగులోత్‌ భారత జట్టుకు ఆడింది. మనకు పొరుగునే ఉన్న అనంతపురంలో ఆర్‌డీటీ క్రీడాగ్రామం పల్లె పిల్లలకు ఫుట్‌బాల్‌ నేర్పిస్తోంది. రాయలసీమ మట్టికి ఈ ఆట సరిపడదనే మాట ఎప్పుడో తేలిపోయింది.

కప్పు గెలిచిన జట్టు కూడా ఊరు విడిచి వెళ్లిపోతుందని హైదరాబాద్‌ నేర్పింది. జట్టును ఊళ్లో నిలబెట్టేది డబ్బున్న యజమానులే కాదు. ఓడిన మర్నాడు కూడా టికెట్‌ కొనే కుటుంబాలు కూడా. అది కంఠీరవ జట్టయినా సరే, ఆదివారం సాయంత్రం హైస్కూలు మైదానంలో ఆడే పిల్లల జట్టయినా సరే. మొదటిది చూడాలంటే రైలెక్కాలి. రెండోది చూడటానికి చెప్పులేసుకుంటే చాలు!