కాగితం ఒక్కటే, విలువ వేరు

అమెరికాలో ఒకే కిరాణా కూపన్ ఒక ఊళ్ళో డాలరుగా, మరొక ఊళ్ళో అర్ధ డాలరుగా చెల్లేది. ఆ తేడాను నిర్ణయించింది ఎవరు? దాని ఖర్చును భరించింది ఎవరు?

అమెరికాలో ఆదివారం దినపత్రిక బరువుగా ఉండేది. ఆ బరువులో కొంత వార్తలదయితే, కొంత మధ్యలో మడిచిపెట్టిన రంగురంగుల అనుబంధాలది. సబ్బుపొడి, టూత్‌పేస్టు, కాఫీ, పాలలో వేసుకుని తినే మొక్కజొన్న రేకులు - ఇటువంటి వస్తువులు కొన్నవారికి ఇన్ని సెంట్లు తగ్గిస్తామని ఉత్పత్తిదారులు అచ్చువేయించిన కూపన్లు ఆ పుటల నిండా ఉండేవి. వాటిని కత్తిరించి, వస్తువుల వారీగా కవర్లలో సర్దుకుని, సామానుకు బయలుదేరడం 20వ శతాబ్ది ఉత్తరార్ధంలో అక్కడి ఎన్నో మధ్యతరగతి కుటుంబాలకు వారంవారం జరిగే పని.

మన దేశంలో కూపన్ అనగానే చాలామందికి చౌకధరల దుకాణమూ, కిరసనాయిలు కోసం నిలబడిన వరుసా స్ఫురిస్తాయి. అమెరికా కిరాణా కూపన్ స్వభావం వేరు. అది ఒక వ్యాపార సంస్థ కొనుగోలుదారుకు ఇచ్చే హామీ. విచిత్రమేమంటే, ఆ హామీ విలువ కాగితం మీద అచ్చయిన అంకెతో పూర్తిగా తేలేది కాదు. కొనే మనిషి ఏ ఊళ్ళో కాపురముంటున్నాడన్న దానిమీద కూడా అది ఆధారపడేది.

2010 ప్రాంతంలో ఉన్న పరిస్థితిని గమనిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. న్యూజెర్సీలోని అనేక సూపర్ మార్కెట్లు 99 సెంట్లు, అంతకు లోపు విలువ గల కూపన్లను రెట్టింపు చేసేవి. కనుక అక్కడ 50 సెంట్ల కూపన్‌కు 1 డాలరు, 75 సెంట్ల కూపన్‌కు డాలరున్నర తగ్గేది. జార్జియా రాష్ట్రంలోని అట్లాంటాలో రెట్టింపు 50 సెంట్లతో ఆగిపోయేది. 50 సెంట్ల కూపన్‌కు 1 డాలరు తగ్గేది గాని, 75 సెంట్ల కూపన్‌కు 75 సెంట్లే. అంటే చిన్న కూపన్ పెద్ద కూపన్‌ను మించిపోయేదన్న మాట! ఇంకా దక్షిణాన ఫ్లారిడాలో అతిపెద్ద సూపర్ మార్కెట్ సంస్థ అసలు రెట్టింపే చేసేది కాదు. 50 అంటే 50, 75 అంటే 75.

ఆ రెండవ సగం ఎవరిది?

ఈ వైచిత్రికి కారణం తెలియాలంటే, కూపన్ గల్లాపెట్టెలో పడిన తరువాత ఎక్కడికి వెళుతుందో తెలుసుకోవాలి. దుకాణం వాటిని మూటకట్టి కూపన్ల లెక్కలు తేల్చే సంస్థలకు పంపుతుంది. వీటిని వేరుచేసి లెక్కించే పని చాలాకాలంగా మెక్సికో సరిహద్దు పట్టణాలలోని కేంద్రాలలో జరుగుతూ వచ్చింది. లెక్క తేలాక ఉత్పత్తిదారు దుకాణానికి కూపన్ మీద ఉన్న సొమ్మునూ, శ్రమకు ప్రతిఫలంగా సాధారణంగా మరో 8 సెంట్లనూ చెల్లిస్తాడు.

50 సెంట్ల కూపన్‌ను దుకాణం రెట్టింపు చేసిందనుకుంటే, మొదటి 50 సెంట్లు ఉత్పత్తిదారు ఇస్తాడు. రెండవ 50 సెంట్లను ఎవరూ తిరిగి ఇవ్వరు. 8 సెంట్ల ప్రతిఫలం పోగా 42 సెంట్లు దుకాణానికి నష్టమే. కిరాణా వ్యాపారంలో లాభం నూటికి ఒకటి రెండు డాలర్లు మించడమే అరుదు. అటువంటి వ్యాపారంలో వర్తకుడు తెలిసి తెలిసి ఈ నష్టానికి ఎందుకు సిద్ధపడాలి?

కూపన్ పట్టుకుని సబ్బుపొడి కోసం వచ్చిన మనిషి పాలు, మాంసం, రొట్టె, కూరగాయలు కూడా అక్కడే కొంటాడన్న ఆశతో. వీటిలో చాలావాటికి కూపన్లు ఉండవు. బండి నిండా సామాను తీసుకువెళ్ళే ఖాతాదారుని పక్క దుకాణానికి పోనీయకుండా ఆపడానికి వర్తకుడు పెట్టే ప్రకటన ఖర్చే ఆ రెండవ సగం. కనుక పక్కన దుకాణం ఉన్నంతవరకే రెట్టింపు అవసరం. పక్కన దుకాణం లేకపోతే, ఉన్నా దానికి భయపడవలసిన పని లేకపోతే, ఆ ఖర్చు పెట్టేవాడు ఉండడు.

ఒక గ్లాసు పానీయంతో మొదలై

కూపన్ చరిత్ర పాతదే. 1887లో కోకకోలా ఒక గ్లాసు పానీయాన్ని ఉచితంగా ఇచ్చే చీటీలను పంచడం మొదలుపెట్టింది. 1913 నాటికి సుమారు 85 లక్షల గ్లాసులు ఈ విధంగా ఉచితంగా అందాయని అంచనా. 1930లలో ఆర్థికమాంద్యం కాలంలో, ప్రతి సెంటూ చూసి ఖర్చు పెట్టవలసిన రోజులలో, కూపన్ కిరాణా దుకాణాలలో నిలదొక్కుకుంది. 1972లో వలాసిస్ సంస్థ కూపన్లన్నిటినీ ఒకే చోట కూర్చిన అనుబంధాన్ని దినపత్రికలతో పాటు పంచడం ప్రారంభించింది. ధరలు మండిపోయిన 1970 దశకంలోనూ, దాని తరువాతి దశకంలోనూ ఒక దుకాణం రెట్టింపు ప్రకటిస్తే, పోటీ దుకాణం అదే చేసేది. కొన్నిచోట్ల మూడురెట్లకు కూడా ఎగబాకేది.

ఈ పోటీ దేశమంతటా ఒకే విధంగా సాగలేదు. ఈశాన్య రాష్ట్రాలలో జనసాంద్రత ఎక్కువ. కొద్ది మైళ్ళ దూరంలోనే మూడు నాలుగు పెద్ద సంస్థల దుకాణాలు ఎదురెదురుగా ఉంటాయి. న్యూజెర్సీలో షాప్‌రైట్, మాసచూసెట్స్‌లో స్టాప్ అండ్ షాప్, పశ్చిమ న్యూయార్క్‌లో వెగ్‌మన్స్ వంటివి 99 సెంట్ల పరిమితిని ఏళ్ళ తరబడి పాటించాయి. ఉత్తర కరొలైనాలో హారిస్ టీటర్ కూడా 99 సెంట్ల దాకా రెట్టింపు చేసేది. అయితే ఒక కుటుంబానికి రోజుకు 20 కూపన్లని గీత గీసింది. పశ్చిమాన ఆరెగాన్, ఐడహో ప్రాంతాలలో మరొక పద్ధతి ఉండేది. అక్కడ ఆల్బర్ట్‌సన్స్ దుకాణాలు రెట్టింపు చేసే చీటీలను తమ వారపు ప్రకటనలోనే అచ్చువేసేవి. ఆ చీటీని జతచేస్తేనే కూపన్ రెట్టింపయ్యేది.

ఒకే సంస్థ రెండు ఊళ్ళలో రెండు విధాలుగా వ్యవహరించిన సందర్భాలు మరింత ఆసక్తికరం. ఫ్లారిడాలో పుట్టి పెరిగిన పబ్లిక్స్ సంస్థ స్వరాష్ట్రంలో కూపన్లను రెట్టింపు చేసేది కాదు. జార్జియాలో క్రోగర్ గట్టి పోటీ ఇచ్చే అట్లాంటాలో మాత్రం 50 సెంట్ల దాకా చేసేది. సంస్థ ఔదార్యం సరిహద్దు దాటగానే పెరగలేదు; పెరిగింది పోటీ.

మధ్య పశ్చిమ, దక్షిణ రాష్ట్రాలను మరొక శక్తి మార్చివేసింది. 1988లో వాల్‌మార్ట్ మిస్సూరి రాష్ట్రంలోని వాషింగ్టన్ పట్టణంలో కిరాణాతో సహా సమస్త వస్తువులూ అమ్మే తన మొదటి సూపర్ సెంటర్‌ను తెరిచింది. కూపన్లను రెట్టింపు చేయడం దాని పద్ధతి కాదు. ఏడాది పొడుగునా తక్కువ ధరకు అమ్మడమే దాని సూత్రం. అటువంటి దుకాణం వెలసిన చోట పాత సంస్థలు, కొద్దిమంది కూపన్లను రెట్టింపు చేయడమా, అందరికీ కొంత ధర తగ్గించడమా అన్న ప్రశ్నను ఎదుర్కోవలసి వచ్చింది.

ఉత్పత్తిదారుల ఎత్తు

ఉత్పత్తిదారులు కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. రెట్టింపు జరిగే ప్రాంతాలలో కూపన్లు అంచనాకు మించి తిరిగివస్తాయి. చెల్లించవలసిన సొమ్ము పెరుగుతుంది. అందుచేత ఒకే ఆదివారం, ఒకే వస్తువుకు, ఒక నగరపు పత్రికలో 75 సెంట్లకూ, మరొక నగరపు పత్రికలో 1 డాలరుకూ కూపన్లు వెలువడేవి. 50 సెంట్ల పరిమితి గల ప్రాంతంలో 55 సెంట్ల కూపన్ కనిపించడం కేవలం యాదృచ్ఛికమని అనుభవజ్ఞులైన గృహిణులు నమ్మేవారు కారు. కొన్నిటి మీద "రెట్టింపు చేయరాదు" అని అచ్చువేయించేవారు. అయినా రెండవ సగం వర్తకుని సొంత సొమ్ము గనుక, ఆ మాటను పాటించడం పాటించకపోవడం చాలావరకు దుకాణం ఇష్టమే.

కూపన్ అడుగున సన్నని అక్షరాలలో మరొక విశేషం కనిపిస్తుంది: ఈ కాగితం నగదు విలువ సెంటులో నూరవ వంతు. బహుమతి స్టాంపులను నియంత్రించే కొన్ని రాష్ట్రాల పాత చట్టాలు నగదు విలువను ప్రకటించి తీరాలన్నందున ఆ వాక్యం వచ్చింది. దుకాణం గుమ్మం బయట దాదాపు సున్న అయిన ఆ కాగితానికి లోపల ఎంత విలువ కట్టాలన్నది ఆయా ఊళ్ళ వ్యాపార పరిస్థితులే తేల్చేవి.

కూపన్ లేని పద్నాలుగు నెలలు

కూపన్‌ను ప్రజలు ఎంత గట్టిగా పట్టుకున్నారో 1996లో తెలిసివచ్చింది. పంచిన కూపన్లలో నూటికి రెండు మాత్రమే తిరిగివస్తున్నాయనీ, మిగిలినదంతా వృథా వ్యయమనీ భావించిన ప్రాక్టర్ అండ్ గాంబుల్ సంస్థ ఒక ప్రయోగం తలపెట్టింది. న్యూయార్క్ రాష్ట్రపు పశ్చిమ భాగంలోని బఫెలో, రాచెస్టర్, సిరక్యూస్ ప్రాంతాలలో కూపన్లను పూర్తిగా ఆపివేసి, బదులుగా ధరలు తగ్గిస్తామని ప్రకటించింది. మరికొన్ని సంస్థలు కూడా అక్కడ కూపన్లు తగ్గించుకున్నాయి.

లెక్క ప్రకారం అందరికీ మేలు జరగవలసిందే. ప్రజలు మాత్రం అలా భావించలేదు. సంతకాల ఉద్యమాలు సాగాయి. ఆ సంస్థ వస్తువులను కొనవద్దని పిలుపులు వచ్చాయి. తగ్గించిన ధర అరమీద కనిపించీ కనిపించకుండా ఉంటుంది. కత్తిరించి తెచ్చిన కాగితం మాత్రం తాము కష్టపడి మిగుల్చుకున్న సొమ్ముగా కంటికి కనిపిస్తుంది. పైగా దేశంలో మిగతా చోట్ల దొరికేది తమ ఊళ్ళో దొరకకపోవడం వారికి అన్యాయంగా తోచింది. 1997 ఏప్రిల్‌లో, గడువుకు ముందే, ప్రయోగం ముగిసింది. ఉత్పత్తిదారులు కూడబలుక్కుని కూపన్లు ఆపారా అని రాష్ట్ర అటార్నీ జనరల్ డెన్నిస్ వాకో విచారణ జరిపారు. సంస్థలు తమ తప్పేమీ లేదంటూనే 42 లక్షల డాలర్ల రాజీకి అంగీకరించాయి. ఆ మొత్తం ప్రజలకు తిరిగి చేరింది కూపన్ల రూపంలోనే!

పరిమితులు బిగిసిన కాలం

2008 నాటి ఆర్థిక సంక్షోభం కూపన్‌కు మళ్ళీ ప్రాణం పోసింది. 2009లో అమెరికన్లు 330 కోట్ల కూపన్లు వాడుకున్నారు. అంతకుముందు సంవత్సరం కంటె ఇది 27 శాతం ఎక్కువ. 2011లో టి.ఎల్.సి. టెలివిజన్‌లో "ఎక్స్‌ట్రీమ్ కూపనింగ్" అనే ధారావాహిక ప్రారంభమై, బండ్లకొద్దీ సామానును కొద్ది డాలర్లకే తీసుకుపోయేవారిని దేశానికి చూపించింది. అరలు ఖాళీ అవుతున్నాయన్న ఫిర్యాదులు రాగా, ఒకే రకం కూపన్లు ఇన్నే చెల్లుతాయని అనేక దుకాణాలు నిబంధనలు విధించాయి. అదే సంవత్సరం క్రోగర్ సంస్థ టెక్సస్‌లోని హ్యూస్టన్ ప్రాంతంలో రెట్టింపునూ, మూడురెట్లనూ ఎత్తివేసి, ఎక్కువమందికి ఉపయోగపడే విధంగా ధరలు తగ్గిస్తామని చెప్పింది. తరువాతి సంవత్సరాలలో మరెన్నో నగరాలలో అదే జరిగింది.

ఈ మార్పు మంచిదా, చెడ్డదా? కత్తెరతో ఇల్లు నడుపుకున్న గృహిణికి అది నష్టమే. కాని ఆ రెట్టింపు ఎవరికి అందేదో కూడా ఆలోచించాలి. పత్రిక కొనగలిగినవారికి, కారు ఉన్నవారికి, నాలుగు దుకాణాలు పోటీపడే పేటలలో నివసించేవారికి అందేది. పెద్ద నగరాల బీద పేటలలో తరచు సూపర్ మార్కెట్టే ఉండదు. మూలమీద ఉన్న చిన్న కొట్టులో కూపన్ ఊసే ఉండదు. అవసరం ఎక్కువగా ఉన్నచోట పోటీ తక్కువ. పోటీ తక్కువైన చోట కూపన్ విలువా తక్కువే. మరొక లోపం కూపన్ స్వభావంలోనే ఉంది. అది పెట్టెలో వచ్చే పేరున్న సరుకుకు పుడుతుంది. వంకాయకూ, పాలకూరకూ ఉత్పత్తిదారు పేరు ఉండదు గనుక వాటికి కూపన్ అచ్చువేసేవాడు లేడు. న్యూజెర్సీలో ఎడిసన్ పరిసరాల తెలుగు కుటుంబాలకు టూత్‌పేస్టు మీద డాలరు మిగిలినా, భారతీయ దుకాణంలో కొనే కందిపప్పు మీద ఆ పద్ధతిలో మిగిలేది ఏమీ లేదు.

ఇప్పుడు కాగితం స్థానాన్ని చేతిఫోను ఆక్రమిస్తున్నది. ఫోనులో వచ్చే కూపన్లను దుకాణాలు సాధారణంగా రెట్టింపు చేయవు. ఫోను వాడకం తెలియని వృద్ధులు ఆ తగ్గింపునకు కూడా దూరమవుతున్నారన్న ఆవేదనతో 2025లో కాలిఫోర్నియాలోని శాండియాగో నగర కౌన్సిల్, ఫోను ద్వారా తగ్గింపు ఇచ్చే దుకాణాలు అదే తగ్గింపును కాగితం మీద కూడా ఇవ్వాలని శాసించింది.

రెట్టింపు అన్న ఆలోచన మాత్రం మరొక రూపంలో బ్రతికింది. 2009లో డెట్రాయిట్ నగరంలోని రైతుబజార్లలో, ఆహార సహాయం పొందే పేదలు ఆ సొమ్ముతో కొనుగోలు చేస్తే, మిషిగన్‌లో పండిన పళ్ళు, కూరగాయల కోసం ఒక పరిమితి మేరకు అంతే సొమ్మును అదనంగా ఇచ్చే పథకం మొదలైంది. ఇటువంటి పథకాలకు 2014 నాటి వ్యవసాయ చట్టం కేంద్ర ప్రభుత్వ నిధులను కేటాయించింది. ఇక్కడ రెండవ సగాన్ని భరించేది ఖాతాదారుని కోసం పోటీపడే వర్తకుడు కాదు. పోటీ ఉన్న పేటా, లేని పేటా అన్న భేదం దానికి లేదు. అయితే పథకం తమ ఊరికి వచ్చిందా లేదా అన్న ప్రశ్న మాత్రం అక్కడి బీదవారికి ఇంకా తప్పలేదు.