డిస్కు బ్రేకుల సంగతి

పోయిన సంచికలో నేను ఏమీ రాయలేదు. ఎందుకో మా రూములో వాళ్ళకు తెలుసు. దసరా సెలవుల్లో మా అన్నయ్యకి చెయ్యి విరిగింది. అది నా వల్ల విరిగింది. ఇప్పుడు మనలో చాలామంది ఇళ్ళల్లో డిస్కు బ్రేకుల సైకిళ్ళు ఉన్నాయి కాబట్టి జరిగింది చెప్పి, తర్వాత నేను నేర్చుకున్నది రాస్తాను.

మా ఊరు పాడేరు వైపు, కొండ మీద. ఊరి నించి సంతకి పోవాలంటే అంతా దిగుడే. అన్నయ్య కాఫీ పళ్ళు కోసిన కూలి డబ్బులు దాచుకుని, వేసవిలో ఒక గేర్ల సైకిలు కొన్నాడు. లావు టైర్లు, ముందూ వెనకా డిస్కులు. వానలు పడ్డాక బ్రేకు నొక్కితే చాలు కీచుమని అరిచేది. నేను సెలవులకి వెళ్ళి, చైనుకి నూనె వేస్తే చప్పుడు పోతుంది కదా, దీనికీ అంతే అనుకున్నాను. రెండు డిస్కులకీ కొబ్బరి నూనె రాసేశాను. చప్పుడు పోయింది. అన్నయ్య మెచ్చుకున్నాడు కూడా. మర్నాడు పొద్దున్న వెనకాల అరటి గెల కట్టుకుని దిగాడు. రెండో మలుపులో రెండు లివర్లూ హేండిలు దాకా నొక్కినా బండి ఆగలేదు. లోయ వైపు పోకుండా కావాలనే గట్టుకి గుద్దేశాడు. ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టు.

సైకిలు బాగు చేయించడానికి నేనే తోసుకుంటూ షాపుకి తీసుకెళ్ళాను. షాపు మామ ప్యాడ్లు వాసన చూసి నా మొహం చూశాడు. "ఒరే, చైను తిరగాలి, నూనె కావాలి. డిస్కు ఆగాలి. ఆగేదానికి నూనె పెడతారేట్రా?" అన్నాడు. ఆ ఒక్క మాటకే నాకు ఘర్షణ పాఠం మొత్తం అర్థమయింది. నూనె తాగిన ప్యాడ్లు ఇంక పనికిరావన్నాడు. కొందరు వాటిని కాల్చి మళ్ళీ వేస్తారట, దిగుడు దారికి అది నమ్మొద్దన్నాడు. పాత ప్యాడ్లు తీసేసి, డిస్కుల్ని స్పిరిట్‌తో గుడ్డ నల్లబడనంత వరకూ తుడిచి, కొత్త ప్యాడ్లు వేశాడు. మూడు రోజులు ఆ షాపు దగ్గరే ఉండి పని చూశాను.

బ్రేకు అసలు ఏం చేస్తుంది? పరుగుని వేడి చేస్తుంది. ఫిజిక్స్ సారు ఒక సంగతి చెప్పారు. కొండ సైకిళ్ళు అమెరికాలో కాలిఫోర్నియాలో 1970లలో మొదలయ్యాయి. అక్కడ ఒక మట్టి దారి ఉంది. సుమారు మూడు కిలోమీటర్లలో 400 మీటర్లు దిగుతుంది. 1976లో అక్కడ పందాలు మొదలుపెట్టారు. పాత సైకిళ్ళకి బ్రేకు వెనక హబ్బు లోపల ఉండేది. కిందికి వచ్చేసరికి హబ్బులో గ్రీజు కాలి పొగ అయిపోయేది, మళ్ళీ గ్రీజు నింపుకోవాల్సి వచ్చేది. అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరు. లెక్క వేసి చూడండి. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలు అనుకుంటే 80 × 10 × 400 = 3,20,000 జౌళ్ళు. లీటరు చన్నీళ్ళు మరిగించడానికి దాదాపు అంతే కావాలి! కొంత గాలి తీసుకుపోతుంది, మిగతాది బ్రేకులే మొయ్యాలి. కాబట్టి దిగి వచ్చిన వెంటనే డిస్కుని ముట్టుకోకండి, కాలుతుంది. మా చిన్న తమ్ముడి వేలు మీద ఆ మచ్చ ఉంది. తిరుగుతున్న డిస్కులో వేలు పెట్టడం ఇంకా ప్రమాదం. బొబ్బ కాదు, వేలే పోతుంది.

మామూలు బ్రేకులో రబ్బర్లు రిమ్ముని పట్టుకుంటాయి. రిమ్ము నేలకి దగ్గర, బురదలో మునుగుతుంది. డిస్కు మధ్యలో హబ్బు దగ్గర ఉంటుంది కాబట్టి బురద తక్కువ అంటుతుంది, రిమ్ము కొంచెం వంగినా బ్రేకు పట్టు చెడదు. డిస్కు గొప్పతనం ఇదే. కానీ డిస్కు ఉంది కదా అని మంచి సైకిలు అనుకోకూడదు. రోడ్డు మీద స్కూలుకి పోయి వచ్చేవాళ్ళకి మంచి రిమ్ము బ్రేకు చాలు. పట్టని డిస్కు కన్నా అదే నయం అని నా అభిప్రాయం. పాత సైకిలుకి డిస్కు పెట్టించాలని కొందరికి ఆశ. ఫోర్కుకీ ఫ్రేముకీ కాలిపర్ బిగించే చెవులు ఉండాలి, హబ్బుకి డిస్కు పట్టే చోటు ఉండాలి. అవి లేకపోతే ఆశ వదులుకోండి.

డిస్కు బ్రేకుల్లో వైరువి, నూనెవి అని రెండు రకాలు. నూనెది వేలితో నొక్కినా ఆగుతుంది. కానీ గొట్టంలో గాలి చేరితే లివరు మెత్తగా లోపలికి పోతుంది, ఆ గాలి తీయడానికి సామాను కావాలి. నూనె కూడా ఏదంటే అది పొయ్యకూడదు. షిమానో వాటికి మినరల్ నూనె, కొన్ని వేరే కంపెనీలకి డాట్ నూనె. ఒకటి పోసేచోట ఇంకొకటి పోస్తే లోపల రబ్బర్లు పాడవుతాయి. చక్రం విప్పి ఉన్నప్పుడు లివరు నొక్కితే ప్యాడ్లు దగ్గరయిపోయి డిస్కు మళ్ళీ దూరదు. మన ఊళ్ళల్లో నేనైతే వైరుదే కొంటాను. తెగితే ఏ సంతలోనైనా వైరు దొరుకుతుంది.

వైరు వాటిలో కూడా తేడా ఉంది. తక్కువ ధర వాటిలో బయటి ప్యాడు ఒక్కటే కదులుతుంది. అది డిస్కుని వంచి, పుల్లల వైపున్న కదలని ప్యాడుకి నొక్కుతుంది. రెండు ప్యాడ్లూ కదిలేవి ఉంటాయి, ధర ఎక్కువ, పట్టు బాగుంటుంది. డిస్కు సైజు 160, 180, 203 మిల్లీమీటర్లలో వస్తుంది. పెద్దది అయితే పట్టు ఎక్కువ, వేడి తట్టుకుంటుంది. ముందు చక్రానికి పెద్దది మంచిది, కానీ ఫోర్కు ఎంత సైజు మోస్తుందో అడిగి కొనాలి. ప్యాడ్లలో రెజిన్‌వి అరవవు, బురదలో తొందరగా అరుగుతాయి. లోహం కలిపినవి ఎక్కువ కాలం వస్తాయి, కొంచెం అరుస్తాయి. కొన్ని డిస్కుల మీద రెజిన్ ప్యాడ్ ఓన్లీ అని అచ్చు ఉంటుంది. దానికి లోహం ప్యాడు వేస్తే డిస్కే అరిగిపోతుంది. కొనేముందు ఆ అక్షరాలు చదవండి.

ఇక బిగించడం. ఒక ప్యాడు మాత్రమే కదిలే వైరు బ్రేకుకి మామ చేసిన పద్ధతి రాస్తున్నాను. ముందు చక్రం ఫోర్కులో పూర్తిగా కూర్చుందో లేదో చూడాలి. చక్రం వంకరగా ఉంటే మిగతా పని అంతా దండగ. కాలిపర్‌ని పట్టుకున్న రెండు బోల్టులూ అలెన్ కీతో కొంచెం వదులు చెయ్యాలి, పూర్తిగా విప్పొద్దు. పుల్లల వైపు నించి కదలని ప్యాడుకి ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పి, ప్యాడుకీ డిస్కుకీ మధ్య ఒక మందం కాగితం పట్టేంత సందు ఉంచాలి. ఇప్పుడు లివరు గట్టిగా నొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు బోల్టులు ఇటు కొంచెం, అటు కొంచెం బిగించాలి. ఒకేసారి ఒకటే బిగిస్తే కాలిపర్ పక్కకి జరిగిపోతుంది. లివరు వదిలి, వెనకాల తెల్ల కాగితం పెట్టి చూస్తే రెండు వైపులా సన్నటి వెలుగు కనపడాలి. చక్రం తిప్పితే ఒకే చోట గీసుకుంటుంటే డిస్కు అక్కడ వంగిందన్నమాట. శుభ్రమైన గుడ్డతో పట్టుకుని ఆ చోట మెల్లగా సరి చెయ్యాలి.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. ప్యాడ్లు అరిగాక లివరు వదులవుతుంది. అప్పుడు వైరు లాగి బిగిస్తారు. అలా లాగితే కాలిపర్ మీది చేతికి కదిలే చోటు ముందే సగం అయిపోతుంది. నొక్కినప్పుడు పూర్తి బలం రాదు. లివరు మాత్రం గట్టిగానే అనిపిస్తుంది, అదే మోసం. వైరు కొత్తలో సాగితే లాగొచ్చు. ప్యాడు అరిగితే ప్యాడునే స్క్రూతో దగ్గరకి తేవాలి. ప్యాడు మీది పదార్థం అర మిల్లీమీటరుకి వచ్చిందంటే మార్చాల్సిందే.

కొత్త ప్యాడ్లు వేసిన రోజే దిగుడుకి పోకూడదు. చదును నేల మీద ఒక మాదిరి వేగంతో తొక్కి, చక్రం బిగుసుకోకుండా బ్రేకు వేసి వేగం తగ్గించాలి. ఇలా ఇరవై ముప్పై సార్లు. అప్పుడు ప్యాడు పొర డిస్కు మీద సమంగా పడుతుంది. మేము స్కూలు మైదానంలో చేశాం. మొదటి అయిదు సార్లు ఆగనే లేదు, నాకు గుండె ఆగింది. పదిహేనో సారికి పట్టింది.

అన్నయ్యకి కట్టు విప్పేశారు. సైకిలు మళ్ళీ తొక్కుతున్నాడు. సంతకి బయల్దేరే ముందు రెండు లివర్లూ నొక్కి, బండిని ముందుకి తోసి చూసుకుంటాడు. కొబ్బరి నూనె సీసా మాత్రం నా చేతికి ఇవ్వొద్దని అమ్మకి చెప్పాడు. కాలిపర్ బొమ్మ కింద గీశాను, ఎర్ర రంగు వేసింది కదలని ప్యాడు. స్క్రూ ఎటు తిప్పాలో అర్థం కాకపోతే ఆదివారం మధ్యాహ్నం వాచ్‌మెన్ మామ సైకిలు దగ్గరకి రండి, దానికీ డిస్కే. వార్డెన్ సారు ఒప్పుకున్నారు.