శాసనానికి అందని బలపరీక్ష

న్యూఢిల్లీ: బలపరీక్ష అనగానే రాజధాని విలేఖరులకు గుర్తుకు వచ్చేది లోక్‌సభలో అవిశ్వాస తీర్మానం. ఎవరి పక్షాన ఎందరు నిలుస్తారు, ఎవరు గోడ దూకుతారు, ఓటింగు వేళకు ఎవరు మాయమవుతారు అన్న లెక్కలతోనే ఈ విలేఖరికి మూడు దశాబ్దాలు గడిచిపోయాయి. కాని ఈ వారం ప్రస్తావించదలచినది మరొక బలపరీక్ష. ఇందులో ఓట్లు లేవు, విప్‌లు లేవు. వినోద ఉద్యానంలో టిక్కెట్టు కొని యంత్రమెక్కిన మనిషి శరీరంపై ఎంత బలం పడుతున్నది, అందులో ఎంత తట్టుకోదగినది, దానిని కొలిచి "ఇక చాలు" అని చెప్పే అధికారం ఎవరిది అన్నవే ఈ పరీక్షలోని ప్రశ్నలు.

2025 ఏప్రిల్‌లో ఢిల్లీ నైరుతి శివారులో ఒక యువతి రోలర్ కోస్టర్ నుండి క్రింద పడి మరణించింది. 2019 జూలైలో అహమ్మదాబాదులోని కాంకరియా సరస్సు వద్ద, లోలకం వలె ఊగే ఆట యంత్రం విరిగిపడి ఇద్దరు మరణించారు, ఇరవై మందికి పైగా గాయపడ్డారు. ఇటువంటి ప్రతి దుర్ఘటన తరువాతా ఒకే తంతు. కేసు నమోదవుతుంది, యంత్రానికి తాళం పడుతుంది, విచారణకు ఆదేశం వెలువడుతుంది, నాలుగు రోజులకు పత్రికలు మరొక వార్తను వెదుక్కుంటాయి.

తొంభయ్యో దశకంలో ఆంధ్రనుండి ఢిల్లీ వచ్చే చుట్టాలకు చూపవలసిన జాబితాలో ఎర్రకోట, కుతుబ్ మీనార్‌ల తరువాతి స్థానం ప్రగతి మైదాన్ వద్దనున్న అప్పూఘర్‌ది. రోడ్లు భవనాల శాఖలో ఓవర్సీరుగా పనిచేసి రిటైరైన మా పెద్దనాన్నగారు పిల్లల బలవంతం మీద అక్కడ రోలర్ కోస్టరెక్కారు. దిగి, పంచె సవరించుకుంటూ ఆయన వేసిన మొదటి ప్రశ్న: "ఒరే అబ్బాయీ, దీనిని పరీక్షచేసి సంతకం పెట్టేది ఎవరురా?" పార్లమెంటు నివేదికలు తిరగవేసే ఉద్యోగంలో ఉండి కూడ ఆ రోజున నేను జవాబు చెప్పలేకపోయాను.

వేగం వేరు, బలం వేరు

కుర్చీలో కూర్చున్న మనిషి అనుభవించే బరువును శాస్త్రజ్ఞులు 1 జీ అంటారు. 2 జీ అంటే అరవై కిలోల మనిషికి తాను నూట ఇరవై కిలోలైనట్లు తోచడం. 4 జీ అంటే రెండువందల నలభై కిలోలు. శిఖరం దాటి బండి దిగజారుతున్నప్పుడు కడుపులో తేలిపోయినట్లుండే క్షణం సున్నా జీకి సమీపం. సున్నాకు దిగువకు పోతే సీటు మనిషిని మోయదు, సీటునుండి మనిషి పైకి ఎగురుతాడు. అప్పుడతనిని పట్టి ఉంచేది నడుముకు అడ్డంగా వేసిన కడ్డీ ఒక్కటే.

అత్యధిక వేగమే అత్యధిక బలమని సామాన్యుల అభిప్రాయం. ఇది సరికాదు. తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడిన న్యూజెర్సీలో 2005లో ప్రారంభమైన కింగ్‌డా కా అనే రోలర్ కోస్టర్ మూడున్నర సెకన్లలో గంటకు 206 కిలోమీటర్ల వేగాన్ని అందుకొని 139 మీటర్ల ఎత్తుకు ఎగబ్రాకేది. లెక్కవేస్తే ఆ పరుగులో వీపుమీద పడిన సగటు నెట్టుడు 1.7 జీ మాత్రమే. 2025 ఫిబ్రవరిలో దానిని కూల్చివేశారు. జపాన్‌లో ఫూజీ పర్వతం సమీపంలోని డో-డొడొన్పా వేగంలో దానికంటె తక్కువది, గంటకు 180 కిలోమీటర్లు. కాని ఆ వేగాన్ని 1.56 సెకన్లలోనే అందుకొనేది గనుక నెట్టుడు 3.3 జీ వరకు పోయేది. కొందరు ప్రయాణికులకు మెడ, వెన్ను ఎముకలు విరిగినట్లు వెల్లడి కావడంతో 2021 ఆగస్టులో దానిని ఆపివేశారు. 2024లో శాశ్వతంగా మూసివేస్తున్నట్లు ప్రకటించారు. ఎంత వేగం అన్నదానికంటె, ఆ వేగం ఎంత హఠాత్తుగా వచ్చినది అన్నదే శరీరానికి ముఖ్యం.

మలుపులలో బలం ఇంకా పెరుగుతుంది. 1895లో న్యూయార్కు సమీపాన కోనీ ఐలండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ అనే బండిని సుమారు పాతిక అడుగుల నిండు వృత్తంలో నిలువుగా తిప్పారు. జనం మెడలు పట్టుకొని దిగేవారు. అక్కడ బలం 12 జీ వరకు ఉండేదన్న అంచనాలున్నాయి. అంత కాకపోయినా, వృత్తాకారపు చుట్టులో ఒక చిక్కు తప్పదు. శిఖరం వద్ద జారిపడకుండా ఉండడానికి కావలసిన కనీస వేగంతో ప్రవేశించినా, వృత్తం అడుగున ప్రయాణికునిపై 6 జీ పడి తీరుతుంది. వృత్తం చిన్నదైనా, పెద్దదైనా ఈ లెక్క మారదు. ఈ చిక్కును విప్పినవాడు జర్మన్ ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్. అడుగున వంపును విశాలం చేసి, పైకి పోయినకొద్దీ బిగిస్తే బలం ఒక్కసారిగా మీద పడక క్రమంగా పెరుగుతుందని ఆయన గ్రహించాడు. 1976లో కాలిఫోర్నియాలో వచ్చిన రెవల్యూషన్ ఆ సూత్రం మీదనే ఆధునిక కాలపు తొలి నిలువు చుట్టుగా ప్రసిద్ధికెక్కింది.

ఇటీవలి దశాబ్దాలలో అత్యధిక బలానికి ఉదాహరణగా చెప్పుకొనేది జొహానెస్‌బర్గ్‌లోని పాత బంగారు గని స్థలంలో 2001లో వెలసిన టవర్ ఆఫ్ టెర్రర్. అక్కడ బలం ఒక్క లిప్తకాలం 6.3 జీకి చేరుతుంది. అంతర్జాతీయ సాంకేతిక ప్రమాణాలు కూడ తలనుండి కాళ్ళవైపు పడే బలానికి దాదాపు 6 జీ వద్దనే గీత గీస్తాయి. అదైనా క్షణకాలానికే. వ్యవధి పెరిగినకొద్దీ అనుమతించే బలం తగ్గుతుంది.

కాలమే కొలబద్ద

వ్యవధికి ఇంత ప్రాధాన్యం ఎందుకు? కుర్చీలో ధబాలున కూలబడితే తలకు క్షణంలో అతి స్వల్పభాగం పాటు 10 జీ వరకు అదురు తగులుతుందని 1994లో అమెరికా పరిశోధకులు కొలిచి చూపారు. దానివల్ల ఎవరూ మూర్ఛపోరు. కాని 5 జీ కొన్ని సెకన్లు నిలిచిందంటే గుండె రక్తాన్ని తలవరకు ఎక్కించలేదు. మొదట రంగులు వెలిసిపోతాయి, పిదప చూపు నల్లబడుతుంది, ఆపైన స్పృహ తప్పుతుంది. యుద్ధవిమాన చోదకులు 9 జీ తట్టుకుంటున్నారంటే దాని వెనుక ప్రత్యేక దుస్తులు, ఏళ్ళ తరబడి శిక్షణ ఉన్నాయి. టిక్కెట్టు కొన్న గృహస్థునకు అవేవీ లేవు. అతనికి రక్తపోటు ఉండవచ్చును, ఆమె గర్భవతి కావచ్చును, వెనుక సీటులోని బాలుని మెడ ఇంకా లేతది కావచ్చును.

బలం వచ్చే దిశ కూడ లెక్కలోనిదే. 1954 డిసెంబరులో అమెరికా వైమానికదళ వైద్యుడు కర్నల్ జాన్ స్టాప్ రాకెట్లు కట్టిన బండి మీద గంటకు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూసుకుపోయి, 1.4 సెకన్లలో ఆగిపోయాడు. ఆయన శరీరంపై 46 జీ పడింది. కంటి రక్తనాళాలు చిట్లాయి, అయినా బ్రతికి బయటపడ్డాడు. పట్టీలు ఛాతీని గట్టిగా పట్టి ఉంచడం, బలం తలనుండి కాళ్ళకు గాక వీపు, ఛాతీల మధ్య పడడం అందుకు కారణాలు. ఆ స్టాపే తరువాత మోటారు కార్లలో సీటు బెల్టులు ఉండి తీరాలని ఏళ్ళ తరబడి ప్రచారం చేశాడు. బలాన్ని తన ఒంటిమీద కొలుచుకున్నవాడు చట్టం కోసం పోరాడవలసి వచ్చింది.

2025 జనవరిలో హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్‌లో ఒక ఆట యంత్రం మొరాయించి, ప్రయాణికులు తలక్రిందులుగా వ్రేలాడిపోయారు. అప్పుడు వారిమీద ఉన్నది భూమి ఆకర్షణే, అంటే ఒక్క జీ. రికార్డు పుస్తకాలలో దానికి చోటు లేదు. కాని తలక్రిందులైన మనిషికి నిమిషాలు గడిచినకొద్దీ ఆ ఒక్క జీయే నరకం. 6 జీ పుట్టించే యంత్రం చక్కని ఇంజనీరు చేతిలో క్షేమం కావచ్చును, 1 జీ యంత్రం పట్టించుకోనివాడి చేతిలో ప్రాణాంతకం కావచ్చును.

శాసనసభ్యుల దినం

ఈ అంశానికి రాజకీయ పాఠకులు మరువరాని నిదర్శనం అమెరికాలోని కాన్సాస్ నగరంలో ఉన్నది. అక్కడ 2014లో 168 అడుగుల ఎత్తున ఒక నీటి జారుడుబల్ల నిర్మించి, ప్రపంచంలోకెల్లా ఎత్తైనదిగా ప్రచారం చేశారు. ముగ్గురు కూర్చునే రబ్బరు తెప్ప నిలువునా జారి, ఎదురుగా ఉన్న మరొక గుట్టనెక్కి దిగాలి. గుట్ట శిఖరాన తెప్ప గాలిలోకి లేస్తున్నదని ఇసుక బస్తాలతో జరిపిన పరీక్షలలోనే తెలిసింది. గుట్టను సవరించారు, పైన లోహపు కమ్మీలకు వల బిగించారు, ప్రయాణికుల మొత్తం బరువు ఇంతకు తగ్గరాదు, ఇంతకు మించరాదు అని నియమం పెట్టారు.

2016 ఆగస్టు 7న ఆ ఉద్యానంలో ప్రజాప్రతినిధుల దినం. శాసనసభ్యులకు, వారి కుటుంబాలకు ప్రవేశం ఉచితం. ఒక సభ్యుని పదేళ్ళ కుమారుడు తెప్ప ముందుభాగంలో కూర్చున్నాడు, వెనుక పెద్దవారు ఇద్దరు. గుట్టమీద తెప్ప గాలిలోకి లేచి పైనున్న కమ్మీని తాకింది. బాలుడు అక్కడికక్కడే మరణించాడు. ప్రాణం తీసినది రికార్డు స్థాయి జీ బలం కాదు, సున్నాకు దిగువన ఒక్క క్షణం. ఆ క్షణానికి ఎవరు బాధ్యులో చెప్పగల ఇంజనీరింగు సంతకం ఉన్నదా అన్నదే తరువాత నేర విచారణలో ప్రధాన వివాదమైంది. గ్రాండ్ జ్యూరీ ముందు చూపరాని సాక్ష్యం చూపారన్న కారణంపై 2019లో ఆ కేసును న్యాయస్థానం కొట్టివేసింది.

కాన్సాస్ చట్టం అంతవరకు తనిఖీ భారాన్ని ఎక్కువగా యాజమాన్యాలకే వదిలివేసి ఉన్నది. 2017లో అదే శాసనసభ అర్హులైన తనిఖీదారులు ఏటా పరీక్షించాలని, ప్రమాదాలను ప్రభుత్వానికి నివేదించాలని చట్టం చేసింది. బిల్లుకు మద్దతుగా మాట్లాడినవారిలో ఆ బాలుని తండ్రి ఉన్నాడు. ముప్పై ఏళ్ళుగా సభలలో ప్రసంగాలు వింటున్న ఈ విలేఖరికి ఇంతకంటె బరువైన ప్రసంగం ఊహకు అందదు.

వాషింగ్టన్‌లోనూ ఈ కథ పాతదే. వినియోగ వస్తువుల భద్రతా సంఘానికి స్థిర ఉద్యానాలలోని యంత్రాలపై ఉన్న అధికారాన్ని 1981లో కాంగ్రెసు తొలగించింది. ఊరూరా తిరిగే ఆటలపై అధికారం మాత్రం మిగిలింది. మసాచుసెట్స్ ప్రతినిధి ఎడ్వర్డ్ మార్కీ ఈ లొసుగును పూడ్చాలని 1999 నుండి పలుమార్లు బిల్లులు ప్రవేశపెట్టాడు, ఒక్కటీ నెగ్గలేదు. యాజమాన్యాల వాదనను కొట్టిపారవేయరాదు. కోట్లమంది ఎక్కి దిగుతున్నారు, తీవ్ర ప్రమాదాలు బహు అరుదు, రాష్ట్రాల తనిఖీ చాలునన్నది వారి మాట. కాని రాష్ట్రాలన్నీ ఒక్క తీరున లేవన్నదే కాన్సాస్ పాఠం. జీ బలానికి స్వయంగా పరిమితి విధించిన తొలి అమెరికా రాష్ట్రం న్యూజెర్సీ.

మన జాబితాలో ఎక్కడ?

మన రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 33వ అంశంగా నాటకశాలలు, క్రీడలు, వినోదాలు చేరి ఉన్నాయి. గనుక శాసనాధికారం రాష్ట్రాలది. వినోదంపై పన్ను అదే జాబితాలోని 62వ అంశం. 2016 నాటి 101వ సవరణతో ఆ పన్నులో ప్రధాన భాగం జి.ఎస్.టి.లో కలిసిపోయింది. తొలుత 28 శాతంగా ఉన్న రేటును 2018 జనవరిలో 18 శాతానికి తగ్గించారు. తగ్గింపు కోసం వినతులు, వాదనలు, మండలి సమావేశాలు జరిగాయి. పన్ను ఎన్ని శాతమన్న చర్చకు తీరిక దొరికింది గాని, జీలు ఎన్ని అన్న చర్చకు దొరకలేదు. భారతీయ ప్రమాణాల సంస్థ ఆట యంత్రాల భద్రతకు ప్రమాణాలు ప్రచురించి చాలాకాలమైంది. కాని ప్రమాణం వేరు, శాసనం వేరు. పాటించనివానిని ప్రశ్నించే అధికారి లేనిదే ప్రమాణం పుస్తకాల బీరువాకు అలంకారమే. 2024 మేలో రాజకోట గేమ్ జోన్ అగ్నిప్రమాదం 27 మందిని బలిగొన్న తరువాత గాని గుజరాత్‌లో ప్రత్యేక నియమాలకు కదలిక రాలేదు.

తెలుగు రాష్ట్రాలకు ఇది పరాయి సమస్య కాదు. హైదరాబాదు శివారు రావిర్యాలలో 2016లో పెద్ద వినోద ఉద్యానమే వెలసింది. అంతకంటె ఎక్కువగా ఆలోచించవలసినది ఊరూరా తిరిగే జెయింట్ వీల్‌ల గురించి. తిరునాళ్ళకు లారీలో వచ్చి, రెండు రోజులలో బిగించబడి, వారంలో విప్పబడి, మరొక ఊరికి తరలిపోయే యంత్రం ప్రతిసారీ కొత్త యంత్రమే. ప్రతి నట్టు, ప్రతి కొక్కెం, పునాది క్రింది నేల ప్రతి ఊరిలోనూ మళ్ళీ పరీక్షకు నిలవాలి. కోరవలసినవి బ్రహ్మాండమైన సంస్కరణలేమీ కావు. యజమాని జీతం పుచ్చుకోని ఇంజనీరు సంతకం, తొలి ప్రయాణికుని కంటె ముందు త్వరణమాపకంతో కొలత, చిన్న ప్రమాదమైనా దాచకుండా నివేదన. బలాన్ని కొలిచే సాధనం నేడు ప్రతివారి చేతిలోని ఫోనులోనే ఉన్నది. లేనిది కొలవవలసిన బాధ్యత.

1984 నవంబరు 19న ప్రధాని రాజీవ్ గాంధీ ప్రారంభించిన అప్పూఘర్ 2008లో మూతపడింది. ఆ స్థలంలో నేడు సుప్రీంకోర్టు అదనపు భవనం నిలిచి ఉన్నది. అటుగా వెళ్ళినప్పుడల్లా పెద్దనాన్నగారి ప్రశ్న చెవిన పడుతూనే ఉంటుంది. ప్రమాదం జరిగిన తరువాత బాధితులు చేరుకొనే తలుపు ఆ భవనానిది. దానికి ఎంతో ముందే వారికి రక్షణగా తెరుచుకోవలసిన తలుపు శాసనసభలది. వచ్చే సమావేశాలలో హైదరాబాదులోనో, అమరావతిలోనో ఒక్క సభ్యుడైనా లేచి, "దీనిని పరీక్షచేసి సంతకం పెట్టేది ఎవరు?" అని అడిగితే, ఆ ప్రశ్నకు మంత్రిగారిచ్చే జవాబును ఈ శీర్షికలో తు.చ. తప్పకుండా ప్రచురించడానికి ఈ విలేఖరి సిద్ధం.