చూపుడువేలు: 14 శాతం

బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామికవాడల సందుల్లో నడుస్తుంటే షెడ్ల లోపలి నుంచి ఆగకుండా ఒకటే చప్పుడు. పవర్ ప్రెస్ రేకును కొడుతుంటుంది. దాని ముందు కూర్చున్న కుర్రాణ్ణి ఒక్క నిమిషం గమనించండి. ఎడమచేత్తో రేకుముక్క అందుకుంటాడు, కుడిచేత్తో డై అనే అచ్చు మీద సర్దుతాడు, చెయ్యి వెనక్కి తీసి కాలితో పెడల్ తొక్కుతాడు. పైనున్న బరువు దిగి లేస్తుంది. అచ్చు పడిన ముక్కను ఏరి ట్రేలో వేస్తాడు. మళ్లీ రేకు, మళ్లీ పెడల్. షిఫ్టు అయ్యేదాకా చెయ్యి ఆ బరువు కిందకు పోయి వస్తూనే ఉండాలి.

పాతకాలపు ప్రెస్సుల్లో ఒకసారి క్లచ్ పడిందంటే ఆ బరువు పూర్తిగా దిగి లేచేదాకా ఆగదు. క్లచ్ పిన్ను అరిగినా, స్ప్రింగు విరిగినా, పెడల్ తొక్కకుండానే రెండోసారి దిగుతుంది. అప్పటికి చెయ్యి ముక్క కోసం లోపలికి వెళ్లి ఉంటుంది. ‘పరధ్యానంగా ఉన్నాడు’ అంటాడు సూపర్‌వైజర్. పిన్ను అరిగిందని మాత్రం అనడు. నాకు కోపమొచ్చేది ఇక్కడే. ప్రమాదకరమైన భాగాలకు కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే ప్రెస్ దిగే ఏర్పాటూ ఎప్పటి నుంచో ఉంది. అది ఉన్నచోట కూడా పని నెమ్మదిస్తోందని ఒక బటన్‌ను టేపుతో బిగించేస్తారు.

వేలు తెగిన గంటలోపే రెండో నష్టం మొదలవుతుంది. ‘ఇంట్లో తగిలిందని చెప్పు తమ్ముడూ, ఖర్చంతా మేం చూసుకుంటాం’ అంటారు ఆసుపత్రికి వెళ్లే ఆటోలో కంపెనీవాళ్లు. నొప్పిలో, ఉద్యోగం పోతుందన్న భయంలో అతను సరేనంటాడు. కేసుషీటులో ఆ మాటే ఎక్కుతుంది. హాజరుపట్టీ తీసి చూస్తే పేరుండదు, కాంట్రాక్టరు మనిషట. కార్మిక బీమా (ఈఎస్ఐ) నంబరు అదే రోజు సాయంత్రం హడావుడిగా పుడుతుంది. ఆ తర్వాత ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగినా మొదట అడిగేది ఆ కాగితాలనే.

చట్టం చేతిని శాతాల్లో కొలుస్తుంది. బొటనవేలు పోతే 30, చూపుడువేలు మొత్తం పోతే 14, ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50. 1923 నాటి పరిహార చట్టం పట్టిక ఇది. ఆ చట్టం 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. పాత చట్టం లెక్కన పాతికేళ్ల కుర్రాడికి నెలకు 15,000 జీతం ఉంటే, అందులో 60 శాతాన్ని అతని వయసుకు నిర్ణయించిన 216.91తో హెచ్చవేసి, వచ్చినదాంట్లో 14 శాతం తీయాలి. సుమారు 2.73 లక్షలు. ఈఎస్ఐ ఉంటే పరిహారం బదులు జీవితాంతం నెలనెలా సొమ్ము వస్తుంది. ఇదే జీతానికి, ఇదే శాతానికి 1,900 దాటదు.

పట్టికలోని శాతమే ఆఖరి మాట కానక్కర్లేదు. ఎడమచెయ్యి పోగొట్టుకున్న ఒక వడ్రంగి కేసులో 1975లో సుప్రీంకోర్టు, ఒంటిచేత్తో వడ్రంగం చేయలేడు గనుక నూరు శాతం నష్టమేనంది. పోయిన సంపాదన శక్తిని చూడమంది. ప్రెస్ మీద బతికేవాడికి కుడి చూపుడువేలంటే ఏమిటో అలాగే అడగాలి. పరధ్యానం వల్ల దెబ్బ తగిలినంత మాత్రాన పరిహారం పోదు. కాంట్రాక్టరు మనిషైనా అసలు యజమాని తప్పించుకోలేడు. క్లెయిముకు గడువు రెండేళ్లు. పాత చట్టం లెక్కన, యజమాని చెల్లింపు ఆలస్యం చేస్తే 12 శాతం వడ్డీ కట్టాలి.

ఇంత తెలిసినా దగ్గరుండి నడిపించేవాళ్లు కావాలి. యూనియన్ వాళ్లు ముందుగా వెతికించేది గేటు పాసు, జీతం పడిన బ్యాంకు ఎంట్రీ, తోటివాళ్లతో షెడ్డులో దిగిన సెల్‌ఫోన్ ఫొటో. పని చేశాడని చెప్పడానికి ఒక్కోసారి అవే మిగులుతాయి.

చివరికి సొమ్ము మంజూరైన రోజున బ్యాంకు కౌంటరు ముందు నిలబడతాడు. కుడిచేతి సంతకం ఖాతాలో ఉంది. ఇప్పుడు పెన్ను బొటనవేలికీ నడివేలికీ మధ్య పట్టుకుని, ఒక్కో అక్షరం కూర్చుకుంటూ రాస్తాడు. సంతకం కలవలేదని కాగితం వెనక్కి వస్తుంది. మరో ఫారం అడిగి తీసుకుని బల్ల దగ్గర కూర్చుంటాడు.